డిసెంబరు గడిలో ఏం రాయాలి

డిసెంబరు 5

నిన్నటి ఉదయం మామూలు ఉదయమే. అలారం కంటే ముందే మెలకువ వచ్చింది. కిటికీ ఒక రెక్క తెరిచి, ఇంకా తెల్లవారని పెరటివైపు తిరిగి ప్రార్థన చేసుకున్నాను. ఇంట్లో ఒక్కొక్కరి పేరూ తలుచుకోవడం నాకు అలవాటు. తమ్ముడి పేరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పోలీసు ఉద్యోగం కదా. తరవాత పాలు కాచాను. చెల్లి ఆసుపత్రి నుంచి ఇంకా రాలేదు. ఎముకల వార్డులో నర్సు, ఈ వారం రాత్రి డ్యూటీ. దాని టీ ఫ్లాస్కులో పోసి మూత గట్టిగా బిగించాను. చల్లారిందంటే వచ్చీ రాగానే ఇల్లు పీకి పందిరేస్తుంది. మేడమీద తమ్ముడి బూట్ల చప్పుడు, మరదలి చీపురు చప్పుడు. కళ్లద్దాలు తుడుచుకున్నాను. రెండు బ్రెడ్డు ముక్కలు కాగితంలో చుట్టుకున్నాను. ప్రెస్సు తాళంచెవి నా మెడలోని గొలుసుకే ఉంటుంది. బంగారు గొలుసుకి ఇనప తాళంచెవి ఏమిటే అని చెల్లి నవ్వుతుంది. వెతుక్కునే పని లేదు, అదీ నా జవాబు.

ప్రూఫులు దిద్దేవాళ్లకి పొద్దుటి పూట మంచిది. మిషన్లు మొదలయ్యేలోపు చాలా పేజీలు చూసేయవచ్చు. అందుకే పాత ఐస్ ఫ్యాక్టరీ సందులోంచి అడ్డదారిన పోతాను. ఒకపక్క కిటికీ లేని ఎత్తైన గోడ. ఇంకోపక్క దుకాణాల వెనక తలుపులు. ఆ వేళప్పుడు ఎదురయ్యేది టైలరమ్మ ఒక్కతే. నిన్నా ఎదురైంది. స్కూలు యూనిఫారాల పని మీదపడిందని, కాజాలు కుట్టి కుట్టి వేళ్లు పోతున్నాయని చెప్పి తన దారిన వెళ్లింది.

వెనక నుంచి బైకు వస్తుంటే దారి ఇద్దామని పక్కకి జరిగాను. మెడ దగ్గర ఒక్క లాగు. భుజం గోడకి కొట్టుకుంది. పడలేదు. బైకు సందు చివర మలుపు తిరిగేదాకా ఏం జరిగిందో నాకు తెలియలేదు. గొలుసు లేదు, తాళంచెవీ లేదు. బ్రెడ్డు పొట్లం మాత్రం చేతిలో అలాగే ఉంది.

అంతే. దేవుడి దయ వల్ల ఇంకేమీ కాలేదు.

డిసెంబరు 6

మిగిలింది కూడా రాసేస్తాను.

గొలుసు సంగతి తమ్ముడికి ఆ ఉదయమే చెప్పాను. ఈ ప్రాంతం స్టేషనుకి వాడే ఇన్‌స్పెక్టరు, చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. నేను వెనక్కి వచ్చేసరికి గేటు దగ్గర బండి తుడుచుకుంటున్నాడు. నా మెడ మీద గీత చూసి వాడి మొహం మారిపోయింది. వైర్‌లెస్ సెట్టు చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ నడుముకి తగిలించుకున్నాడు.

"పెద్దక్కా, ఈ ఒక్క నెలా ఆగు. గొలుసు నేను వెతికిస్తాను. ఫిర్యాదు మాత్రం జనవరిలో ఇద్దువుగాని" అన్నాడు.

ఎందుకో కూడా చెప్పాడు. ఏటా జనవరి మొదటి వారంలో పోలీసు శాఖ తన ఏడాది పని గురించి పుస్తకం వేసి జనం ముందు పెడుతుంది. ఏ స్టేషన్లో ఏ నేరాలు పెరిగాయో, ఏవి తగ్గాయో అన్నీ అందులో ఉంటాయి. వాడు వచ్చిన కొత్తలో గొలుసు దొంగతనాలకి మా ప్రాంతం పెట్టింది పేరు. వాడే పోట్లాడి ఒక గస్తీ బండి తెచ్చి, తెల్లవారుజామున ఐస్ ఫ్యాక్టరీ సందు మొదట్లో నిలబెట్టించాడు. ఈ ఏడాది ఒక్కటంటే ఒక్కటీ జరగలేదు. నా గొలుసు పోయిన రోజు ఆ బండిని ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని బందోబస్తుకి పంపాల్సి వచ్చిందట.

ఏడాది పొడుగునా 'లేవు' అని పడితే ఉత్తమ స్టేషన్ షీల్డు వాడిదే. షీల్డు చేతిలో ఉంటే రెండో బండి అడగొచ్చు. "ఊరికే అడిగితే ఎవరిస్తారక్కా" అన్నాడు. వాడి కళ్ల కింద నలుపు చూశాను. ఆ బండి కోసం వాడు ఎంత తిరిగాడో నాకు తెలుసు.

వాడు అబద్ధం ఆడమనలేదు. ఆగమన్నాడు. రెండింటికీ తేడా ఉంది.

ప్రెస్సు ఓనరుతో తాళంచెవి ఎక్కడో జారిపోయిందని చెప్పాను. తాళం పగలగొట్టించి కొత్తది కొన్నాడు. 

డిసెంబరు 9

మెడ మీద గీత మానుతోంది. ఆగమన్నాడు, అంతే.

డిసెంబరు 12

ఈ ఉదయం తమ్ముడితో ఒక మాట అన్నాను. బండి సందు మొదట్లో ఉంటోంది, సరే. బైకు పోయింది రెండో చివర నుంచి. అక్కడ కూడా ఒక మనిషిని పెట్టరాదా అని.

వాడు షర్టు గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయాడు. "పెట్టొచ్చు. కొత్తగా అక్కడెందుకని రైటర్ అడుగుతాడు. డ్యూటీ పుస్తకం రాసేది ఆయనే. ఏం చెప్పను?"

చెల్లి ఫ్లాస్కు మూత తిప్పుతూ వింటోంది. దాని దగ్గర నేనేమీ దాచలేదు. వార్డులో రోజూ దెబ్బలు చూసేది, నా మెడ దాని కంట పడకుండా ఉంటుందా.

"నువ్వు ఇన్‌స్పెక్టరు గారి అక్కవి కదే. నీ ఇంట్లో దొంగతనం జరగాలన్నా ముందు పర్మిషన్ తీసుకోవాలి" అంది నాతో, వాడికి వినపడేలా.

తమ్ముడు మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను దాన్ని కోప్పడ్డాను. ఎందుకు కోప్పడ్డానో తెలియదు.

డిసెంబరు 16

ఆ పుస్తకం మా ప్రెస్సుకే వచ్చింది. ఏటా వస్తుంది. ఈసారి రాకపోతే బాగుండునని నాలో నేను అనుకున్నట్టున్నాను.

మొదటి ప్రూఫు చూశాను. ఇళ్లల్లో దొంగతనాలు తగ్గాయి. ఫోన్లో మాటలు చెప్పి డబ్బు లాగేవాళ్లు పెరిగారు. రోడ్డు ప్రమాదాలు అలాగే ఉన్నాయి. తప్పిపోయిన వాళ్లలో ఎక్కువమంది దొరికారు. స్టేషనుకో పేజీ. తమ్ముడి పేజీలో గొలుసు దొంగతనాల వరసలో నెల నెలకీ 'లేవు', 'లేవు', 'లేవు'. డిసెంబరు గడి ఖాళీ. ఆ అంకెలు ఆఖర్న వస్తాయట.

నేను ప్రూఫు చూసే పద్ధతి ఒకటుంది. అర్థం చదవను. అర్థం వెంట పోతే కన్ను ముందుకు పరిగెడుతుంది, తప్పులు జారిపోతాయి. అక్షరం అక్షరం విడదీసి చూస్తాను. ఈ పుస్తకాన్నీ అలాగే చూశాను. చివరి అధ్యాయంలో వచ్చే ఏడాది ప్రతిపాదనలున్నాయి. అవీ అలాగే చూశాను. ఒక దీర్ఘం, రెండు చుక్కలు దిద్దాను.

మా పని అచ్చుతప్పులు. విషయం జోలికి పోకూడదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ పోలేదు.

డిసెంబరు 19

టైలరమ్మ చేయి విరిగింది.

అదే సందు, అదే వేళ, రెండో చివర. ఆమె గొలుసు వదల్లేదు. బైకుతో పాటు కొంత దూరం లాక్కుపోయారు. గొలుసు తెగాక పడింది. కుడి మణికట్టు. పొద్దున చెల్లి వార్డు నుంచి ఫోన్ చేసి, "మీ సందు నుంచి ఇంకొకరు వచ్చారు" అని మాత్రం చెప్పి పెట్టేసింది. మీ సందు అంది. మన సందు అనలేదు.

ప్రెస్సుకి సెలవు చెప్పి వెళ్లాను. టైలరమ్మ కట్టు కట్టిన చేయి దిండు మీద పెట్టుకుని గోడవైపు చూస్తోంది. యూనిఫారాలు ఎలా ఇవ్వాలా అన్నదే ఆమె బెంగ. సంక్రాంతి సెలవులయ్యాక స్కూలు తెరిచేలోపు ఇవ్వకపోతే వచ్చే ఏడాది పని ఇంకొకరికి పోతుంది. అది కాస్త సద్దుమణిగాక, ఫిర్యాదు ఇచ్చారా అని అడిగాను.

నావైపు తిరిగింది. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది.

"ఎందుకులెండి అక్కగారూ. మీ గొలుసు పోయిన రోజే నాకు తెలుసు. బైకు చప్పుడుకి వెనక్కి తిరిగి చూశాను. మీరు మెడ పట్టుకుని నిలబడ్డారు, తరవాత ఇంటివైపే తిరిగారు. ఇవాళో రేపో పోలీసులు వస్తారు, అడుగుతారు, చూసింది చెబుదామని నేనూ కాచుకుని ఉన్నాను. ఎవరూ రాలేదు. ఇన్‌స్పెక్టరు గారి సొంత అక్కే నోరు మూసుకుందంటే, ఇక మేమెంత?"

ఆ సందులోకి వెనక తలుపున్న బేకరీ ఆవిడది కూడా పోయిందట, మధ్యలో ఒకరోజు. ఆవిడా వెళ్లలేదు. పెద్దక్కగారే వెళ్లలేదు, మనం వెళ్లి ఏం లాభం అనుకున్నారట ఇద్దరూ.

నేను ఆగానని వాళ్లూ ఆగారు. మూడు గొలుసులు. స్టేషను లెక్కలో మాత్రం ఒక్కటీ లేదు.

చెల్లి నన్ను గేటు దాకా దిగబెట్టింది. ఒక్క మాటా అనలేదు. అది మాట్లాడకపోతే నాకు భయం.

డిసెంబరు 20

ప్రార్థనలో తమ్ముడి పేరు దగ్గర ఆగలేకపోయాను.

డిసెంబరు 22

రెండో ప్రూఫు వచ్చింది. డిసెంబరు గడి నిండింది. 'లేవు.'

కుర్చీ వెనక్కి జరిపి లేచి, మొహం కడుక్కుని వచ్చాను. కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను. ఈసారి అక్షరాలు కాదు, అర్థం. మిషన్ల చప్పుడు మొదలైనా లేవలేదు. చివరి అధ్యాయంలో, నలభై ఏడో పేజీలో ఆ పేరా దొరికింది. మొదటిసారి నేను దీర్ఘం దిద్దింది అందులోనే.

'ఐస్ ఫ్యాక్టరీ ప్రాంతంలో ఈ ఏడాది ఇంతవరకు గొలుసు దొంగతనాలు నమోదు కాలేదు. కాబట్టి అక్కడి తెల్లవారుజాము గస్తీ బండిని జనవరి నుంచి మార్కెట్ ప్రాంతానికి మార్చాలని ప్రతిపాదిస్తున్నాం.'

రెండో బండి కోసం వాడు 'లేవు' అని రాశాడు. ఆ 'లేవు' చూసి పైవాళ్లు ఉన్న బండి కూడా తీసేస్తున్నారు. స్టేషను పేజీ స్టేషను రాస్తుంది, చివరి అధ్యాయం హెడ్డాఫీసు రాస్తుంది. రెండూ ఒకచోట చదివే మనిషిని నేనొక్కదాన్నే.

ప్రూఫు చూసేటప్పుడు అనుమానం వస్తే దిద్దకూడదు. మార్జిన్లో ప్రశ్న గుర్తు వేసి రాసినవాళ్లకి పంపాలి. ఆ పద్ధతే పాటించాను. డిసెంబరు గడి పక్కన పచ్చ ఇంకుతో ప్రశ్న గుర్తు వేసి రాశాను: 'లేవా? ఐస్ ఫ్యాక్టరీ సందులో మూడు జరిగాయి. జతచేసిన 47వ పేజీ చూసి సంతకం చేయండి.'

 

ఓనరు కాగితం చూసి తలుపు దగ్గరగా వేశాడు. మన పని అచ్చుతప్పులమ్మా, వాళ్ల తప్పులు కాదు అన్నాడు. నేను దిద్దలేదు, అడిగానంతే అన్నాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"ఈ పేజీ ఎవరి సంతకానికి పోతుందో తెలిసే రాశారా?"

"తెలుసండీ. పొద్దున వాడికి టీ ఇచ్చే వచ్చాను."

ఆయన కవరు తీసుకుని తనే అతికించాడు. తాళంచెవి నిజంగా జారిపోయిందా అని అడిగాడు. లేదన్నాను. అనుకున్నానులే అన్నాడు.

డిసెంబరు 23

తమ్ముడు మధ్యాహ్నమే వచ్చేశాడట. నేను ప్రెస్సు నుంచి ఇంటికి చేరేసరికి కింద గదిలో యూనిఫారంలోనే కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఆ రెండు పేజీలు. పక్కన మరదలు. చెల్లి డ్యూటీకి సెలవు పెట్టింది. నన్ను చూడగానే లేచి గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. అది నాకు నీళ్లిచ్చి ఎన్నేళ్లయిందో.

"పెద్దక్కా, నాతో చెప్పొచ్చుగా. పచ్చ ఇంకుతో అడగాలా?" అన్నాడు.

"మొదట నీతోనే చెప్పాను కదరా" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. టైలరమ్మ సంగతి, బేకరీ ఆవిడ సంగతి చెప్పాను. టైలరమ్మ అన్న మాట కూడా, ఒక్క అక్షరం వదలకుండా. బేకరీ ఆవిడ సంగతి వాడికి తెలియదు. టైలరమ్మ పడిందని తెలుసు. జారి పడింది అని రైటర్ చెప్పాడట. వాడు మళ్లీ అడగలేదట. అడిగితే ఏం తెలుస్తుందో అని అడగలేదన్నాడు, తనే.

తరవాత నలభై ఏడో పేజీ వేలితో తట్టాడు. "ఇది నేను చూడలేదక్కా. నాకు పంపేది నా పేజీ ఒక్కటే."

"నీ పేజీ చూసే అది రాశారు."

"బండి ఉండబట్టే కదా ఏడాదంతా ఏమీ జరగలేదు."

"ఆ మాట నువ్వెక్కడా రాయలేదు. 'లేవు' అని మాత్రం రాశావు."

చెల్లి ఇక ఆపుకోలేకపోయింది. "రెండో బండి వస్తుందని ఉన్న బండి కూడా ఇచ్చేశావురా. ఆ షీల్డుకి చక్రాలు బిగించుకో, దాని మీద ఎక్కి గస్తీ తిరుగుదువుగాని."

మరదలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పైట అంచుతో కళ్లు తుడుచుకుని తన భయం చెప్పింది. ఇప్పుడు ఫిర్యాదు ఇస్తే ఇన్నాళ్లూ ఎందుకు ఇవ్వలేదని పైనుంచి అడుగుతారు. మెమో వస్తుంది. బదిలీ కావచ్చు, అంతకంటే ఎక్కువే కావచ్చు. వాళ్ల పిల్లది పరీక్షల్లో ఉంది. ఆమె మాటల్లో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. చివరికి నావైపు తిరిగింది.

"పెద్దొదినా, ఫిర్యాదు ఇవ్వొద్దని నేననను. ఇవ్వండి. కాకపోతే, మీరే భయపడి ఇంట్లో ఎవరికీ చెప్పలేదని, ఇప్పుడే చెప్పారని అంటే? మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు కదా. ఆయన ఉద్యోగం కూడా నిలబడుతుంది."

 నిజం చెప్పాలంటే, ఆ మాట నన్నూ లాగింది. ఆ ఒక్క మాటతో అన్నీ సర్దుకుంటాయి. బండి ఉంటుంది, టైలరమ్మకి న్యాయం జరుగుతుంది, వాడి ఉద్యోగానికి మచ్చ రాదు. కళ్లు మూసుకున్నాను. ప్రార్థన చేద్దామనుకున్నాను గానీ, ఏమని అడగాలో తెలియలేదు. ఈ మాట బాగుందని చెప్పమని దేవుణ్ణి ఎలా అడగను?

కళ్లు తెరిచి, "అమ్మాయ్, అలా అంటే టైలరమ్మ మొహం నేను చూడలేను. ఆ ఉదయం నేను వెనక్కి ఇంటికే వచ్చానని ఆవిడకి తెలుసు" అన్నాను.

 తమ్ముడు లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు.

సాయంత్రం తేల్చుకున్నది ఇది.

రేపు పొద్దున నేను స్టేషనుకి వెళ్లి ఫిర్యాదు ఇస్తాను. సొంత అక్క కాబట్టి తమ్ముడు దాన్ని ముట్టుకోడు. మహిళా హెడ్ కానిస్టేబుల్ తీసుకుంటుంది. నేను ఇచ్చాక చెల్లి ఆసుపత్రికి పోయి టైలరమ్మ చేత ఇప్పిస్తుంది. ఆమె కుడిచేత్తో రాయలేదు గనక, ఆమె చెబుతుంటే కానిస్టేబులే అక్కడికి వచ్చి రాసుకుంటుంది. బేకరీ ఆవిడ దగ్గరికి మరదలు వెళ్తానంది. నేనడగలేదు. డిసెంబరు గడిలో మూడు అని రాసి, గస్తీ బండి పేరా తీసేయమని తమ్ముడు హెడ్డాఫీసుకి ఈ రాత్రే లెటరు పంపుతాడు. షీల్డు మాట ఎవరూ ఎత్తలేదు. పిల్లదానికి సంగతి వాడే చెబుతానన్నాడు, దాచకుండా.

ఒక్కటి మాత్రం చాలాసేపు తేలలేదు. ఫిర్యాదులో ఆలస్యానికి కారణం రాయాలి. అది లేకుండా తీసుకోరు. నేను కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏ మాట రాయబోయినా వాడి మీద రాయి వేసినట్టే ఉంది. కలం కదలలేదు. వాడు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. స్టేషనులో ఎవరికో చెబుతున్నట్టు, నెమ్మదిగా, పదం పదం ఆపి చెప్పాడు.

"రాసుకో అక్కా. గొలుసు పోయిన రోజునే స్టేషన్ ఇన్‌స్పెక్టరుకు చెప్పాను. ఆయన ఆగమన్నందువల్ల ఆలస్యమైంది."

రాశాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. సరిగ్గానే ఉంది, సంతకం పెట్టు అన్నాడు.